పది గంటల బండి

ఆసుపత్రిలో మనుషుల్ని బతికించేది డాక్టర్లేనని అందరూ అనుకుంటారు. అనుకోనివ్వండి, మనకేం పోయింది. కానీ ఆ పెద్దాసుపత్రి వెనక, జనరేటరు గది దాటాక, ఒక పొడుగాటి రేకుల షెడ్డు ఉంది. రోజుకు మూడు వేల దుప్పట్లూ, గౌన్లూ, తువ్వాళ్ళూ అక్కడ ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి, మడతపెట్టి పంపకపోతే ఏ డాక్టరు ఏ రోగిని ఏ మంచం మీద పడుకోబెడతాడో చెప్పమనండి చూద్దాం. ఆ షెడ్డు మీద లాండ్రీ అని బోర్డు ఉంది. డాక్టర్లలో సగం మందికి అది ఎటు పక్కన ఉందో కూడా తెలియదు.

ఇప్పుడు చెప్పుకోబోయే మనిషి ఆ లాండ్రీలో పదకొండేళ్ళు మడతల బల్ల దగ్గర నిలబడింది. ఇంకొకరు ఒక దుప్పటి మడిచేలోపు ఆవిడ మూడు మడిచేది, నాలుగు మూలలూ గీత గీసినట్టు కలిసేవి. అందుకే మడతలమ్మ అని పేరు పడిపోయింది. అసలు పేరు హాజరు పట్టీలో ఉండేది, దాన్ని పట్టించుకున్నవాళ్ళు లేరు. చేతులు అంత చురుకు గానీ, నోట్లో నాలుక లేని మనిషి. ఎవరైనా ఏదైనా అడిగితే ముందు అటూ ఇటూ చూసి, అడిగింది తననేనని రూఢి చేసుకుని, అప్పుడు తలూపేది.

ఆవిడ ఆ పనిలోకి రావడానికి ఒక కారణం ఉంది. కూతురు ఏడో నెలలోనే పుట్టింది. గుప్పెడంత పిల్ల. ముప్పై ఒక్క రోజులు నెలలు నిండని పిల్లల వార్డులో గాజు పెట్టెలో ఉంచారు. తల్లిని రోజుకు రెండుసార్లే లోపలికి రానిచ్చేవారు. మిగతా సేపంతా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వరండాలో బెంచీ మీద కూర్చునేది. రోజూ పొద్దున పది గంటలకు ఆ వార్డు తలుపు ముందుకు ఒక తోపుడు బండి వచ్చేది. దాని నిండా తెల్లటి చిన్న చిన్న గుడ్డలు, పిల్లల్ని చుట్టడానికి. బండి పక్కగా పోతుంటే ఇస్త్రీ వేడి ఇంకా తగ్గని బట్టల వాసన వచ్చేది. ఈ రోజు కూడా బండి వచ్చిందీ అంటే లోపల తన పిల్లకు ఇంకో రోజు రాసిపెట్టి ఉందని ఆవిడ లెక్క. అదేం లెక్క అని అడిగితే చెప్పలేదు. కానీ ఆ నెలంతా ఆవిడను నిలబెట్టింది ఆ లెక్కే.

పిల్ల ఇంటికొచ్చి ఏడాది నిండాక, లాండ్రీలో మనుషులు కావాలట అని తెలిసి వచ్చి నిలబడింది. ఆ గుడ్డలు ఉతికినవాళ్ళు ఎవరో ఆవిడకు తెలియదు. వాళ్ళకు చెప్పాల్సిన మాట ఒకటి కడుపులో అలాగే ఉండిపోయింది. ఆ పిల్లకు ఇప్పుడు పన్నెండేళ్ళు, ప్రశ్నలతో ఇంటిల్లిపాది బుర్రలూ తినేస్తోంది.

లాండ్రీ పద్ధతి ఒక ముక్క చెప్పుకోవాలి, లేకపోతే ముందు ముందు అర్థం కాదు. షెడ్డు మధ్యలో అడ్డంగా ఒక గోడ. గోడకు ఇటు మురికి వైపు, అటు శుభ్రం వైపు. ఉతికే మిషన్లు ఆ గోడలోనే బిగించి ఉంటాయి, ఒక్కోదానికి రెండు తలుపులు. మాసిన బట్ట ఇటు తలుపులో వేస్తారు, ఉతికిన బట్ట అటు తలుపులోంచి తీస్తారు. మనుషులు దాటడానికి ఒకటే దారి, ఆ దారిలో నేల మీద ఎర్ర గీత. మురికి వైపు నల్ల చెప్పులు, శుభ్రం వైపు తెల్ల చెప్పులు. గీత దగ్గర ఏప్రన్ విప్పి, మోచేతుల దాకా చేతులు కడుక్కుని, చెప్పులు మార్చుకుంటే తప్ప అటు అడుగు పెట్టకూడదు. ఇటు చేత్తో అటు బట్టను ముట్టుకుంటే అది మళ్ళీ మాసిన బట్టే, తిరిగి ఉతకాల్సిందే. ఈ విషయంలో మాత్రం హెడ్డక్క దేవుడు దిగివచ్చి చెప్పినా వినదు.

హెడ్డక్క అంటే లాండ్రీ మొత్తానికి హెడ్డు. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి ఆడమనిషి, చాలా ఏళ్ళ దాకా ఆఖరి ఆడమనిషి కూడా. పొట్టిగా ఉంటుంది, గొంతు మాత్రం మిషన్లు అన్నీ తిరుగుతున్నా ఆ చివరి దాకా వినిపిస్తుంది. ఆవిడకు ముందున్న పెద్దమనిషి ఒక పొడుగాటి పుస్తకం పెట్టి, అందులో పనివాళ్ళ తప్పులు రోజూ రాసేవాడు. ఆ పుస్తకం పేరు చెబితే ఆడవాళ్ళకు చెమటలు పట్టేవి. హెడ్డక్క వచ్చిన మొదటి రోజున ఆ పుస్తకాన్నే తిరగేసి, వెనక అట్ట నుంచి రాయడం మొదలుపెట్టింది. ఇక మీదట ఇందులో పనివాళ్ళ తప్పులు రాయకూడదు, పని నడిపేవాళ్ళ తప్పులే రాయాలి అంది. మధ్యాహ్నం రెండింటికి షిఫ్టు మారేటప్పుడు రెండు షిఫ్టులవాళ్ళ ముందూ నిలబడి ఎవరిది వాళ్ళే గట్టిగా చదవాలి.

మొదటి రోజు ఆవిడే చదివింది. "ఇవాళ ఇస్త్రీ రోలరుకు వేడి ఎక్కువ పెట్టించాను. పదకొండు దిండు గలీబులు మాడిపోయాయి. తప్పు నాది." విన్నవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. పెద్ద కుర్చీలో మనిషి తన తప్పు తానే చదువుకోవడం వాళ్ళు పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. అప్పటి నుంచి ఎర్ర గీత పక్కన మేకుకు తాడు కట్టి ఆ పుస్తకం వేలాడుతూనే ఉంది. ఒకటి నిండితే ఇంకొకటి వచ్చేది.

మడతలమ్మ చేరిన రెండేళ్ళకు ఒకసారి ఏమైందంటే, షిఫ్టు దిగి, పుస్తకం చదవడం కూడా అయిపోయి అందరూ వెళ్ళిపోతుండగా, ఆవిడ ఎన్నడూ లేనిది ధైర్యం చేసి హెడ్డక్క దగ్గరకు వెళ్ళింది. "అక్కా, ఆ పెద్ద మిషను మీద ఇన్ని మీటలు ఉన్నాయి కదా, ఏది దేనికి?" అని అడిగింది. హెడ్డక్క అప్పుడే పైనుంచి ఫోనులో చీవాట్లు తిని ఉంది. "నీకెందుకే అవన్నీ? నీ మడతలు నువ్వు చూసుకో" అనేసింది. అంతే. మడతలమ్మ తలూపి వచ్చేసింది గానీ, ఇంటికి చేరేదాకా కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. నోరు విప్పి ఒక్క మాట అడిగితే ఇదా అని ప్రాణం ఉసూరుమంది. మర్నాడు పనికి పోలేదు. ఇక పోను, మానేస్తానని అత్తగారితో చెప్పింది. ఆవిడ "మానేస్తే మానేయి, కానీ మానేస్తున్నానని వెళ్ళి చెప్పిరా, వాళ్ళు పాపం ఎదురుచూస్తుంటారు" అంది. ఆ పాపం అన్న మాట పట్టుకుని మడతలమ్మ మూడో రోజు చెప్పిరావడానికని బయల్దేరింది. గేటు దగ్గరే హెడ్డక్క నిలబడి ఉంది.

"నిన్న రాలేదేం? సరే, చెప్పులు మార్చుకుని రా. పెద్ద మిషను చూపిస్తాను" అంది. చుట్టూ ఉన్నవాళ్ళందరూ ముసిముసిగా నవ్వుకున్నారు. ఎందుకు నవ్వారో మడతలమ్మకు అర్థం కాలేదు. మానేస్తానన్న మాట నోట్లోనే ఉండిపోయింది. ఆ వేళ నుంచి రోజూ పావుగంట చొప్పున హెడ్డక్క ఆవిడకు మిషను నేర్పింది. మీటలు అయ్యాయి, సబ్బు నీళ్ళ పాళ్ళు అయ్యాయి, పనివాళ్ళను ఎవర్ని ఎక్కడ నిలబెట్టాలో అయింది. హెడ్డక్కకు ఆ బుద్ధి ఎలా పుట్టిందో ఈవిడ తొమ్మిదేళ్ళయినా అడగలేదు. అడిగే నోరే ఉంటే ఇంత కథ ఎందుకు.

పోయిన ఏడు ఆసుపత్రివాళ్ళకు ఒక విషయం తట్టింది. కింది పనుల్లో నూటికి తొంభై మంది ఆడవాళ్ళు, షిఫ్టులు నడిపేవాళ్ళలో హెడ్డక్క తప్ప అందరూ మగవాళ్ళు. ఇన్నాళ్ళకు తట్టింది, పోనీలెండి. ఎనిమిది మంది ఆడవాళ్ళను ఎంపిక చేసి పన్నెండు వారాలు నాయకత్వ శిక్షణ ఇద్దామన్నారు. ప్రతి బుధవారం మధ్యాహ్నం స్టోరు రూము మీది గదిలో క్లాసు. ఒక్కొక్కరికీ దారి చూపించడానికి ఒక పెద్ద తోడు. హెడ్డక్క మడతలమ్మ పేరు రాసి, పక్కన తోడుగా తన పేరే రాసుకుంది.

మొదటి క్లాసులో టీచరమ్మ ఒక్కొక్కరినీ లేచి, పేరేమిటో, చేసే పనేమిటో గట్టిగా చెప్పమంది. మడతలమ్మ లేచి చెప్పింది. పక్క కుర్చీలో ఉన్న వంటశాల మనిషికి కూడా వినపడలేదు. టీచరమ్మ నవ్వి, "మీకు గొంతు లేక కాదమ్మా, ఎన్నాళ్ళుగానో వాడలేదు, అంతే. ఇంట్లో ఎవరైనా సాయం చేస్తే రోజూ వాడండి" అంది.

ఆ సాయం అత్తగారు చేసింది. సాయంత్రం కోడల్ని మేడ మీదకు తీసుకెళ్ళి ఈ చివర నిలబెట్టి, తాను ఆ చివరకు పోయి, "ఊఁ, చెప్పు" అనేది. కోడలు చెప్పేది. "వినపడలేదు" అనేది అత్తగారు. మళ్ళీ చెప్పేది. "ఇంకా వినపడలేదు. నన్ను తిడుతున్నాననుకుని చెప్పు, అదే వస్తుంది." వారం తిరక్కుండా పక్కింటివాళ్ళు మడతలమ్మ భర్తను నిలేశారు, మీ ఇంట్లో అత్తాకోడళ్ళకు ఏమైంది, అంత నిమ్మళంగా ఉండేవాళ్ళు అని. ఆయన వ్యాను డ్రైవరు, మాట తక్కువ మనిషి. "పాఠం నడుస్తోంది" అని ఊరుకున్నాడు.

పన్నెండు వారాలు గడిచేసరికి లాండ్రీలో పొద్దుటి షిఫ్టు ఇన్‌చార్జి పోస్టు ఒకటి ఖాళీ అయింది. దానికి హెడ్డక్క మడతలమ్మ పేరు చెప్పింది. ఆసుపత్రి మేనేజరు చెడ్డవాడేం కాదు గానీ, ప్రతిదానికీ మీనమేషాలు లెక్కపెట్టే రకం. ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టి, "తొంభై రోజులు చూస్తాను. బాగుంటే ఈ పోస్టు ఈవిడదే, రెండో బ్యాచ్ శిక్షణ కూడా పెడదాం. కుదరలేదా, మళ్ళీ ఈ శిక్షణల మాట నా దగ్గర ఎత్తొద్దు" అన్నాడు. బయటికొచ్చాక మడతలమ్మ మెట్ల దగ్గరే ఆగి లెక్క వేసుకుంది. తన పోస్టు పోతే పోయె, మళ్ళీ బల్ల దగ్గరకు పోతుంది. కానీ మిగతా ఏడుగురి దారీ, ఇంకా పేరు కూడా రాయించుకోని వాళ్ళ దారీ తన మెడకు చుట్టి వదిలాడు ఆయన.

ఆవిడకున్న జబ్బల్లా ఒక్కటే. ఎవరైనా నెమ్మదిగా మడుస్తుంటే చూడలేదు. పక్కకు జరిపి తానే మడిచేస్తుంది. షిఫ్టు ఎక్కిన మొదటి వారమే హెడ్డక్క పట్టుకుంది. "నువ్వు మడిస్తే మూడొస్తాయి, వాళ్ళు నేర్చుకుంటే ముప్పై వస్తాయి. చేతులు వెనక్కి కట్టుకుని నడువు." ఆ మాట మీద మడతలమ్మ చేతులు వీపు వెనక కట్టుకుని షెడ్డంతా తిరిగేది. చూసినవాళ్ళు పెళ్ళిలో పెద్దమనిషిలా ఉందని నవ్వేవాళ్ళు. నవ్వినా, పని జరిగేది. రెండు నెలల్లో పొద్దుటి షిఫ్టు బట్టలు ఒక్క రోజు కూడా ఆలస్యం కాలేదు.

తప్పుల పుస్తకం దగ్గర మాత్రం ఆవిడ నీళ్ళు నమిలేది. "ఇవాళ పెన్ను మర్చిపోయాను", "ఇవాళ తాళం చెవి వెతకడానికి రెండు నిమిషాలు పట్టింది" ఇలాంటివి రాసి చదివేది. ఏదైనా పెద్దది రాస్తే మేనేజరు చెవిన పడుతుందని, చూశారా ఆడవాళ్ళకు ఇస్తే ఇంతే అంటాడని భయం. ఒకరోజు హెడ్డక్క ఆ పేజీలు తిరగేసి, "రెండు నెలల్లో నువ్వు చేసిన తప్పులు ఇవేనా? అయితే నీకు నేను నేర్పేదేం లేదు తల్లీ, నువ్వే నాకు నేర్పు" అని గాలి తీసేసింది. మడతలమ్మ నవ్వలేదు. ఆ పుస్తకంలో హెడ్డక్క రాసింది ఎంతో, తాను దాచింది ఎంతో ఆవిడకు తెలుసు.

ఎనభై ఎనిమిదో రోజు. మురికి వైపు ఇద్దరు రాలేదు. బట్టలు వేరుచేసే దగ్గర మూటలు కొండలా పేరుకుపోయాయి. ఇన్‌చార్జి సాయం పట్టడం తప్పేం కాదు కనుక మడతలమ్మ నల్ల చెప్పులు వేసుకుని, ఏప్రన్, గ్లవుజులు తొడుక్కుని గంటసేపు మూటలు విప్పింది. తొమ్మిదింబావుకు తలెత్తి గోడలోని అద్దంలోంచి అటు వైపు చూసింది. మడతల బల్ల దగ్గర కొత్తగా చేరిన అమ్మాయి ఒక్కతే ఉంది. ఎదురుగా పిల్లల వార్డు గుడ్డలు నాలుగు వందలు, అందులో నూట యాభై పైన ఇంకా మడతే పడలేదు. ఒక్కో గుడ్డా తీసి, మూల కలిపి, మళ్ళీ విప్పి, మళ్ళీ కలుపుతోంది. పది గంటల బండికి ముప్పావుగంట.

ఇంకేముంది, పాత జబ్బు తిరగబెట్టింది. ఏప్రన్, గ్లవుజులు లాగి పారేసి, ఒక్క పరుగున అటు వెళ్ళి, "జరుగమ్మా" అని బల్ల దగ్గర నిలబడింది. చేతులు వాటంతటవే ఆడాయి. ఇరవై నిమిషాల్లో మిగిలినవన్నీ మడిచి గుట్టలో కలిపేసింది. కొత్త అమ్మాయి నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది. గుడ్డలన్నీ బండిలోకి ఎక్కుతుంటే మడతలమ్మ తృప్తిగా కిందికి చూసుకుంది.

కాళ్ళకు నల్ల చెప్పులు.

చెప్పులే మార్చుకోలేదంటే చేతులు కడుక్కోనట్టే. మురికి మూటలు విప్పిన మనిషి అలాగే వచ్చి నెలలు నిండని పిల్లల గుడ్డలు మడిచింది. పదకొండేళ్ళలో ఒక్కనాడు కూడా ఎర్ర గీతను ఇలా దాటింది లేదు. చుట్టూ చూసింది. బల్ల అడ్డంగా ఉంది, ఎవరి కళ్ళూ కింద లేవు. మెల్లగా గీత దగ్గరకు వెళ్ళి చేతులు కడుక్కుని, తెల్ల చెప్పులు వేసుకుని తిరిగొచ్చింది. ఎవరూ చూడలేదు. ఇక ఎవరికీ తెలిసే దారి లేదు.

పది నిమిషాలు తక్కువ పది. ఇంకో రెండు రోజులు గడిస్తే పోస్టు ఆవిడది. ఏం కాదులే, గ్లవుజులు ఉన్నాయి కదా అని మనసు ఒక పక్క నచ్చజెబుతోంది. ఉన్నాయి, కానీ ఆ గ్లవుజుల్ని లాగి పారేసింది ఏ చేతులతో? ఈ ఒక్కటి నోరు మూసుకుంటే ఏడుగురికి దారి దొరుకుతుంది అని కూడా అంది ఆ మనసు. దానికి ఎక్కడ లేని తెలివీ అప్పుడే వచ్చింది. బండి తోసే ఆవిడ చేయి వేసింది. చక్రం కదిలింది. ఆ చప్పుడు మడతలమ్మకు బాగా తెలుసు. ముప్పై ఒక్క రోజులు ఆ చప్పుడు కోసమే చెవులు రిక్కించుకుని కూర్చున్న మనిషి ఆవిడ. తన పిల్లను చుట్టిన గుడ్డల్ని ఆ రోజుల్లో ఎవరో ఇలాగే మడిచి ఉంటారు. వాళ్ళూ ఏదో ఒక రోజు ఇలాగే కిందికి చూసుకుని, నోరు మూసుకుని ఉంటే?

"బండి ఆపండి."

ఆ గొంతు ఎవరిదోనని షెడ్డంతా తిరిగి చూసింది. రోలరు దగ్గరి ఇస్త్రీ అక్క మిషను ఆపేసింది. అత్తగారు మేడ మీద ఆ చివర ఉండి ఉంటే అక్కడికి కూడా వినపడేది.

"నేను చేతులు కడుక్కోకుండా, నల్ల చెప్పులతో వచ్చి ఈ గుడ్డలు మడిచాను. ఏవి నేను మడిచినవో ఇప్పుడు తెలియదు. నాలుగు వందలూ మళ్ళీ ఉతకాలి. తప్పు నాది."

ఆవిడే ఫోను దగ్గరకు వెళ్ళి పిల్లల వార్డు నర్సమ్మకు ఉన్నదున్నట్టు చెప్పింది. నర్సమ్మ, "పన్నెండు దాకా సరిపడా మా దగ్గర ఉన్నాయి. ఆలోపు పంపండి. చెప్పి మంచిపని చేశారు" అని పెట్టేసింది. ఇక చూడాలి ఆ షెడ్డును. ఎవరూ చెప్పకుండానే ఇస్త్రీ అక్క రోలరు ఖాళీ చేసింది. ఆరబెట్టే దగ్గరున్నవాళ్ళు మిగతా పనులు పక్కన పెట్టారు. గుడ్డలు మిషనులోంచి వచ్చేసరికి బల్ల చుట్టూ ఆరుగురు చేరారు. కొత్త అమ్మాయి మధ్యలో ఉంది. మడతలమ్మ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, "ముందు మూల కాదు, అంచు పట్టుకోమ్మా, మూల దానంతటదే వస్తుంది" అని మాత్రం చెప్పింది. ఆ అమ్మాయి అంచు పట్టుకుంది. మూల వచ్చింది.

పన్నెండుకు పావుగంట ఉందనగా బండి బయల్దేరింది. ఆ రోజు మడతలమ్మే తోసుకుంటూ వెళ్ళింది. వరండాలో బెంచీ మీద ఒక చిన్నవయసు తల్లి కూర్చుని ఉంది. బండిని చూడగానే లేచి నిలబడింది.

"రోజూ పదికే వస్తుంది కదక్కా, ఇవాళ రాకపోయేసరికి ఏదోలా అయింది. ఆలస్యమైందేం?"

"నా వల్లేనమ్మా. నేను పొరపాటు చేశాను, అన్నీ మళ్ళీ ఉతికి తెచ్చాం."

ఆ తల్లి ఒక్క క్షణం బండి వంక చూసి, "మళ్ళీ ఉతికారా" అంది. తర్వాత మడతలమ్మ చేయి పట్టుకుని, "మీ చేతులు చల్లగుండాలి" అంది. పన్నెండేళ్ళుగా మడతలమ్మ కడుపులో ఉండిపోయిన మాట సరిగ్గా అదే. దాన్ని చెప్పడానికి మనుషుల కోసం వెతుక్కుంటూ వచ్చిన మనిషికి, తిరిగి అదే మాట చేతికి అందింది. బండి లోపలికి తోసేసి, గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

రెండింటికి రెండు షిఫ్టులూ నిలబడ్డాయి. ఎవరి నోట విన్నాడో, మేనేజరు కూడా వచ్చి వెనక నిలబడ్డాడు. మడతలమ్మ పుస్తకం తీసి, రాసింది రాసినట్టు చదివింది. పెన్నులూ తాళంచెవులూ లేవు ఆ వేళ. చదవడం అయ్యాక మేనేజరు గొంతు సవరించుకున్నాడు.

"ఎవరూ చూడలేదట కదా. రెండు రోజులు ఆగితే పోస్టు ఖాయమయ్యేది. ఎందుకు చెప్పావమ్మా?"

"నా కూతురు ఆ గుడ్డల్లోనే పెరిగింది సార్" అంది మడతలమ్మ.

ఆయన అప్పుడేం అనలేదు. ఎనభై తొమ్మిదో రోజూ ఏం అనలేదు. ఆ రెండు రోజులూ ఆవిడకు అన్నం సహించలేదు. పోతే పోతుంది, కానీ నా వల్ల అందరికీ తలుపు మూసుకుపోతే ఎలా అత్తయ్యా అని అడిగితే, అత్తగారు "మూసిన తలుపు తెరవమనడానికి గొంతు ఉంది కదే ఇప్పుడు. తిను" అంది. తొంభయ్యో రోజు సాయంత్రం మేనేజరు పిలిచి కాగితం చేతిలో పెట్టాడు. సంతకం ఉంది. "ఇరవై ఏళ్ళుగా ఈ ఆసుపత్రిలో ఉన్నాను. తప్పు జరిగాక దొరికిపోయిన ఇన్‌చార్జీలను చాలా మందిని చూశాను. జరగకముందే బండి ఆపినవాళ్ళను చూడలేదు" అన్నాడు. లేచి వస్తుంటే వెనక నుంచి, "రెండో బ్యాచ్‌కు ఎనిమిది పేర్లు కావాలి. మీరే ఇవ్వండి" అన్నాడు. నువ్వు కాస్తా మీరయింది. ఆవిడ ఇంటికి వెళ్ళి అత్తగారికి ముందు ఈ ముక్కే చెప్పింది, కాగితం సంగతి తర్వాత.

నెలాఖరున హెడ్డక్క రిటైరయింది. ఆఖరి రోజున అందరికీ టీ ఇప్పించి, బీరువాలోంచి అట్ట చిరిగిన పాత పుస్తకం ఒకటి తీసి, గుర్తు పెట్టిన పేజీ తెరిచి మడతలమ్మ చేతికిచ్చింది. "చదువు. గట్టిగా" అంది.

అది తొమ్మిదేళ్ళ కిందటి పేజీ. హెడ్డక్క గుండ్రటి అక్షరాలు.

"నిన్న షిఫ్టు దిగాక మడతల బల్ల దగ్గరి అమ్మాయి పెద్ద మిషను గురించి అడిగింది. నీకెందుకు అన్నాను. పని నేర్చుకుంటానని వచ్చిన మనిషిని కసిరి పంపేశాను. ఇవాళ తను రాలేదు. నాకు ఇలాగే అన్నవాళ్ళు ఉన్నారు, వాళ్ళను నేనెప్పుడూ క్షమించలేదు. ఇది ఈ ఏడాదిలో నా పెద్ద తప్పు. రేపు వస్తే నేనే పిలిచి నేర్పాలి."

మడతలమ్మ ఒక్క అక్షరం వదలకుండా చివరి దాకా చదివింది. తాను మానేద్దామని ఇంట్లో కూర్చున్న రోజున, ఇక్కడ రెండు షిఫ్టుల ముందు ఈ మనిషి నిలబడి ఇది చదివిందన్నమాట.

"మాకు తొమ్మిదేళ్ళుగా తెలుసు" అంది ఇస్త్రీ అక్క టీ ఊదుకుంటూ. "ఆ మర్నాడు నువ్వు వస్తావో రావోనని పొద్దున ఐదున్నర నుంచి గేటు దగ్గరే నిలబడింది. నీకు తప్ప షెడ్డంతటికీ తెలుసు."

మడతలమ్మ హెడ్డక్క వంక చూసింది. ఆవిడ ఎటో చూస్తూ, "ఏంటి, అలా చూస్తావు? పుస్తకం నింపే పని ఇక నీది" అంది.

మడతలమ్మ జేబులోంచి పెన్ను తీసింది. ఆ వేళ మర్చిపోలేదు. తొమ్మిదేళ్ళ కిందటి ఆ పేజీలో, రేపు వస్తే అన్న వాక్యం కింద, కొంచెం ఖాళీ ఉంది. అక్కడ రాసింది.

"వచ్చాను అక్కా."